రెండు చెవుల మధ్య దారి

దొరసాని పోయి తొమ్మిది రోజులైంది. ఈ తొమ్మిది రోజుల్లో హోయ్ బాబాయి ఒకచోట పట్టుమని పది నిమిషాలు కూర్చున్న పాపాన పోలేదు. మంచం మీద కూర్చుంటే గుమ్మంలో ఎవరో పిలిచినట్టుంటుంది. గుమ్మంలోకి వస్తే వీధి చివర ఏదో పని మిగిలిపోయినట్టుంటుంది. వీధి చివరికి వెళ్ళాక అక్కడికెందుకొచ్చాడో అర్థం కాక వెనక్కి వస్తాడు. కాలుగాలిన పిల్లి ఎలా ఉంటుందో చూడాలని ఎవరికైనా సరదా ఉంటే ఆ వారంలో ఆ వీధికి వస్తే సరిపోయేది.

దొరసాని అంటే గుర్రం. ఐసు ఫ్యాక్టరీ బండిని పంతొమ్మిదేళ్ళు లాగిన ఆడ గుర్రం. ఇటుక రంగు ఒళ్ళు, నల్లటి జూలు, నడకలో ఎక్కడలేని దర్జా. నీళ్ళ బకెట్లో ఒక్క గడ్డిపరక తేలినా ముట్టుకునేది కాదు, అందుకే దొరసాని అయింది. ఇక బాబాయి అసలు పేరంటారా, అది ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. అందరూ బండికి గంట కట్టుకుంటే ఇతను మాత్రం మలుపు మలుపుకీ "హోయ్, హోయ్" అని గొంతుతోనే దారి అడిగేవాడు. అతను బాబాయి అయ్యాక అతని భార్య పిన్ని కాక ఇంకేమవుతుంది? వీధి వీధంతటికీ ఆవిడ పిన్నే.

బాబాయి కాలు నిలవకపోవడం ఇవాళ్టిది కాదు. అది ఐసు పెట్టిన అలవాటు. తెల్లారకముందే ఫ్యాక్టరీలో దిమ్మలు దించుతారు. వాటి మీద రంపపు పొట్టు చల్లి, తడి గోనెలు కప్పి, తాడు బిగించి బయల్దేరాలి. అక్కణ్ణించి మనిషికీ ఎండకీ పందెం. చేపల బజారు, సోడా కొట్లు, ఆస్పత్రి, చివర్లో పాల డిపో. దారిలో ఎవరైనా "ఏం బాబాయ్, బాగున్నావా?" అంటే ఆ బాగోగులు చెప్పేలోపు ఒక మూల కరిగి నీళ్ళు కారేది. ముప్పై ఏళ్ళు ఐసు మోసినవాడికి ఆగడమంటే కరిగిపోవడమే. ఇప్పుడు ఐసూ లేదు, బండీ లేదు, కాళ్ళకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఫ్యాక్టరీవాళ్ళు మంచివాళ్ళే. మోటారు బండి తెప్పిస్తున్నామనీ, డ్రైవరు పక్కన కూర్చుని దారి చూపించమనీ కబురు పెట్టారు. బాబాయి తల ఊపాడు. ఊపి, మర్నాడు తెల్లారకముందే లేచి, బండి లేకుండానే ఆ దారంతా నడిచాడు. రోడ్డు పక్కన కాదు, నడిమధ్యన. మలుపు రాగానే "హోయ్" అని కేక పెట్టాడు. కూరగాయల బుట్టతో వస్తున్న ఒకావిడ గబుక్కున పక్కకి తప్పుకుని, ఇటూ అటూ చూసి, "బండేది బాబాయ్?" అంది.

"వెనక వస్తోంది," అన్నాడు.

అనేశాక నాలుక కరుచుకున్నాడు. దొరసాని ఏనాడూ అతని వెనక రాలేదు. పంతొమ్మిదేళ్ళూ ముందే ఉంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బోర్డు పెయింటరు వచ్చాడు. ఊళ్ళో సగం కొట్ల బోర్డులు అతని చేతివే. ఐసు బండి పక్కపలక మీద నీలం అక్షరాలు కూడా అతనే రాశాడు. చంకలో ఒక కొత్త రేకు, చేతిలో రంగు డబ్బాల సంచి. పెరట్లో నీడ చూసుకుని చతికిలబడ్డాడు.

"బాబాయ్, దొరసాని బొమ్మ వేసిపెడతాను. గోడకి తగిలించుకో. కానీ రేపు సాయంత్రానికి అయిపోవాలి. ఎల్లుండి పక్క ఊరు వెళ్తున్నాను, సినిమా హాలు గోడలు మొత్తం నావే. మూడు నెలల దాకా రాను."

బాబాయికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తుకెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు, మళ్ళీ పరిగెత్తి ముక్కాలిపీట తెచ్చాడు, అది చాలదని ఇంకోటి తెచ్చాడు. పెయింటరు సుద్దముక్కతో రేకు మీద వీపు గీశాడు, మెడ గీశాడు, నాలుగు కాళ్ళూ గీశాడు. చెయ్యి తిరిగినవాడు. తోక గీసేసరికి బాబాయి కళ్ళు చెమర్చాయి.

"ఒళ్ళు ఇటుక రంగు, జూలు నలుపు, అదంతా నాకు తెలుసు," అన్నాడు పెయింటరు. "మొహం మీద తెల్ల మచ్చ ఉండేది కదా? అదెలా ఉండేది? చుక్కా, చారా?"

"ఉండేది," అన్నాడు బాబాయి.

"అదే బాబాయ్, ఎలా ఉండేది?"

బాబాయి చెయ్యెత్తి గాలిలో గీయబోయాడు. చెయ్యి నుదుటి దగ్గర మొదలైంది, ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది. కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ ముందుకి రెండు చెవులు వచ్చాయి, చెవుల మధ్యన రోడ్డు వచ్చింది, రోడ్డు చివర చేపల బజారు గేటు వచ్చింది. మొహం మాత్రం రాలేదు.

"చెవుల సంగతి అడగరా, చెబుతాను," అన్నాడు తడబడుతూ. "ఎడమ చెవి కొసన చిన్న కోత ఉండేది. నేను కూనిరాగం తీస్తే కుడి చెవి వెనక్కి తిప్పేది. కుక్క కనబడితే రెండూ ముందుకి. వాన వచ్చే ముందు ఒకటి అటు, ఒకటి ఇటు."

"చెవులు ఏ గుర్రానికైనా చెవులే బాబాయ్. మొహం చెప్పు."

చూడలేదా అంటే, చూడకేం, చూశాడు. కానీ రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారండీ? తెల్లారకముందు చీకట్లో కళ్ళెం తగిలించేవాడు, అదీ తడుముకుంటూ. ఆ చేతులకి దొరసాని దవడ ఎముక తెలుసు, ముక్కు చివర మెత్తదనం తెలుసు, రంగు ఎలా తెలుస్తుంది? తెల్లారేసరికి మొహం నిండా తోలే. నుదుటికి పట్టీ, కళ్ళకి గంతలు. మధ్యాహ్నం మొహం దాణా సంచిలో. పైగా ఐసు బండి ఎక్కడికి వెళ్ళినా వెనక భాగం కొట్టు వైపు పెట్టాలి, దిమ్మలు దింపడానికి. దాంతో ఊరందరికీ దొరసాని తోకే కనబడేది, మొహం వీధి వైపు ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చాక తాళ్ళు విప్పి, వీపు రుద్ది, షెడ్డులోకి తోలేసి, అతను మంచం మీద వాలిపోయేవాడు. దాణా పెట్టడం పిన్ని పని.

ఇవన్నీ సాకులే అనుకోండి. రౌతు కొద్దీ గుర్రమంటారు. గుర్రం కొద్దీ రౌతు ఎందుకు కాలేకపోయాడో ఆ సామెత చెప్పినవాళ్ళెవరూ చెప్పలేదు.

ఇంకొక సంగతుంది. అది బాబాయి ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా చెప్పుకోలేదు. దొరసాని పోయిన రోజు మధ్యాహ్నం అది షెడ్డులో పడుకుండిపోయింది. కడుపు ఉబ్బింది, ఊరికే కాళ్ళు కొట్టుకుంటోంది. అతను దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగి, "డాక్టర్ని తీసుకొస్తా"నంటూ పరుగెత్తాడు. పక్కింటాయన సైకిలు తీసి నేను వెళ్తానంటూనే ఉన్నాడు, ఇతను వినిపించుకుంటేగా. డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. మెడ దగ్గర్నుంచి ముక్కు దాకా పిన్ని తన దుప్పటి కప్పేసింది. బాబాయి ఆ దుప్పటి ఎత్తలేదు. ఎత్తాలని చెయ్యి చాచాడు, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, లారీ కోసమని మళ్ళీ వీధిలోకి పోయాడు. లారీవాళ్ళు దుప్పటితోనే తీసుకెళ్ళారు.

ఆ ఎత్తని దుప్పటి తొమ్మిది రోజులుగా అతన్ని తరుముతోంది. కూర్చుంటే చాలు, కళ్ళ ముందు గళ్ళ దుప్పటి. దాని కింద ఏముందో తెలుసుకుందామంటే ఏమీ లేదు.

"రేపు మధ్యాహ్నానికి చెబుతా," అన్నాడు పెయింటరుతో. "ఈలోపు ఒళ్ళు వేసెయ్."

అంటూనే ఇంట్లోకి ఉరికి పాత ట్రంకుపెట్టె బోర్లించాడు. ఒక ఫొటో ఉండాలి. ఫ్యాక్టరీ పాతికేళ్ళు నిండినప్పుడు అందర్నీ వరసగా నిలబెట్టి తీశారు. దొరికింది. మేనేజరు, సూపర్‌వైజరు, దిమ్మలు కోసేవాళ్ళు, అందరూ నిక్కుకుని నిలబడ్డారు. చివర్లో బాబాయి, పక్కన దొరసాని. సరిగ్గా ఆ క్షణానికి ఏ ఈగ వాలిందో, దొరసాని తల విదిలించింది. మొహం ఉండాల్సిన చోట పొగ అలుముకున్నట్టుంది. చెవులు మాత్రం తేటగా పడ్డాయి.

"ఇల్లంతా పొగేంటే!" అని అరిచాడు, ఫొటో కోపం ఎటు చూపించాలో తెలియక. నిజంగానే వంటింట్లోంచి పొగ కమ్ముకొస్తోంది. "కిటికీ తియ్యొచ్చు కదా!"

"తియ్యను," అంది పిన్ని పొయ్యి దగ్గర్నుంచే.

ఎందుకు తియ్యవని అడిగేంత తీరిక బాబాయికెక్కడిది? అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

ముందు లాడాలు కొట్టే ఆయన దగ్గరికి వెళ్ళాడు. నెలకోసారి దొరసానిని చూసినవాడు, చిన్నప్పటి స్నేహితుడు, బావా అంటే బావా అనుకునేవాళ్ళు. ఇప్పుడు గుర్రాలు తగ్గిపోయి తలుపుల గడియలు చేసుకుంటున్నాడు. విషయం విని సుత్తి పక్కనపెట్టాడు.

"బావా, నేను దాని కాళ్ళు పట్టుకున్నవాణ్ణి. నాలుగు డెక్కలూ ఇప్పుడు కళ్ళు మూసుకుని గీసిస్తాను. కుడి వెనక డెక్కకి సన్నటి చీలిక. ముందు ఎడమది కాస్త లోపలికి తిరిగి ఉండేది. వంగి కూర్చున్నవాడికి మొహం ఎక్కడ కనపడుతుంది చెప్పు?" ఆగి, నొచ్చుకున్నట్టు, "ముక్కు మీద తెల్లగా ఏదో ఉండేదనుకుంటా," అన్నాడు.

"ముక్కు మీదా, నుదుటి మీదా?"

"అనుకుంటా అన్నాను కదా బావా."

మర్నాడు పొద్దున్నే పశువుల ఆస్పత్రికి వెళ్ళాడు. డాక్టరు లేడు, కాంపౌండరు ఉన్నాడు. పాత కార్డుల కట్ట విప్పి దుమ్ము దులిపి దొరసాని కార్డు తీశాడు. పైకి చదివాడు. "గుర్రం. ఆడది. ఇటుక రంగు. ఒంటిమీద గుర్తులు, లేవు."

"లేకపోవడమేంటి? తెల్ల మచ్చ ఉంది."

"లేవని రాశారండీ."

"రాసినవాడు చూసి రాశాడా, చూడకుండా రాశాడా?" బాబాయి బల్ల మీద గుద్దాడు. "పంతొమ్మిదేళ్ళు నా ముందు నడిచిన గుర్రమయ్యా! మొహాన మచ్చ లేదని కాగితం మీద రాసేస్తే సరిపోతుందా?"

"కోప్పడకండి. దిద్దేస్తాను, దానికేముంది." కాంపౌండరు కలం తీశాడు. పాపం, అతని మనసులో ఏ ఉద్దేశమూ లేదు. "చెప్పండి, ఎలా ఉండేది?"

బాబాయి అక్కణ్ణించి వచ్చేశాడు.

చేపల బజారుకి వెళ్ళేసరికి ఎండ నడినెత్తి మీదుంది. గేటు పక్కన మొదటి బల్ల ఒక ముసలావిడది. బండి రోజూ ఆగేది అక్కడే. బాబాయిని చూడగానే కత్తి కింద పెట్టి కళ్ళొత్తుకుంది. "అన్నయ్యా, ఆ తోక చప్పుడు లేక నాకు తెల్లారినట్టే లేదు. నా చేపల మీద ఈగలు తోలింది అదే. మనిషైనా అంత శ్రద్ధగా తోలడు." మొహం సంగతి అడిగితే మాత్రం నోరు తెరిచింది. "మొహమా? నాకెప్పుడు చూపించిందది? నాకు తెలిసిందంతా వెనక భాగమే." పక్క బల్లవాడు చుక్క అన్నాడు. ఆ పక్కవాడు, చుక్క కాదు చార, ఇంత లావు చార, అన్నాడు. ఇద్దరూ వాదనకి దిగారు. నలుగురూ పోగయ్యారు. దొరసాని మొహం మీద ఎవరికి తోచిన సున్నం వాళ్ళు కొడుతున్నారు. బాబాయి చెవులు మూసుకుని బయటపడ్డాడు.

దారిలో దాదాపు పరిగెత్తాడు. ఎందుకో అతనికే తెలియదు, కరిగిపోయేది చేతిలో ఏమీ లేదు. ఒక్కటే భయం పట్టుకుంది. ఇవాళ మచ్చ పోయింది, రేపు కళ్ళు పోతాయి, ఎల్లుండి నడక పోతుంది, చివరికి గుర్రం ఉండేదన్న మాట ఒక్కటే మిగులుతుంది. అంతటి పాపిష్టివాణ్ణా నేను, అనుకున్నాడు. రోడ్డు మీద నిలబడి పైకే అన్నాడు. ఎవరో తిరిగి చూశారు.

ఇంటికొచ్చేసరికి పెయింటరు పెరట్లో పని ముగించుకుని గట్టున కూర్చున్నాడు. రేకు గోడకి ఆనించి ఉంది. ఒళ్ళు అచ్చం దొరసానే. ఆ ఇటుక రంగు, ఆ నల్ల జూలు, ముందు కాలు కాస్త ఎత్తి పెట్టిన దర్జా. మొహం ఉండాల్సిన చోట మాత్రం రంగు వేయకుండా వదిలేశాడు. ఒట్టి రేకు ఎండకి మెరుస్తోంది. బాబాయి దాన్ని చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"చెప్పు బాబాయ్, రంగు కలిపి ఉంచాను. పొద్దు వాలితే నాకు కనపడదు."

బాబాయి వంటింట్లోకి దూసుకెళ్ళాడు. పొగలో పిన్ని ఆకారం సరిగా కనబడలేదు. దగ్గు వచ్చింది. పొద్దుట్నించీ ఎవరి మీదా తీరని కోపమంతా దగ్గుతో పాటు బయటికొచ్చింది.

"కిటికీ తియ్యమని నిన్న చెప్పానా లేదా? పొగకి చచ్చిపోతున్నాం!"

"తియ్యనని నేనూ చెప్పాను."

"ఎందుకు తియ్యవు?"

"తీస్తే అక్కడ ఏమీ ఉండదు కాబట్టి," అంది పిన్ని.

బాబాయి దగ్గు ఆగిపోయింది. వంటింటి గోడకి ఆనుకునే దొరసాని షెడ్డు. కిటికీకి సరిగ్గా అవతల దాణా తొట్టి. ఆ కిటికీ తలుపులు పది రోజులుగా మూసే ఉన్నాయని అతనికి ఇప్పుడు తెలిసింది. పొగ వస్తోందని అరిచాడే గానీ, అంతకుముందు పంతొమ్మిదేళ్ళూ ఎందుకు రాలేదో అడగలేదు.

పిన్ని లేచి నిలబడింది. మామూలుగా ఆవిడ గొంతు పక్క గదిలోకి కూడా వినపడదు. ఇప్పుడు పెరట్లో పెయింటరు దాకా వినిపించింది.

"ఏమయ్యా, నిన్నట్నించీ ఊరంతా తిరిగావట. లాడాలాయన్ని అడిగావు. ఆస్పత్రిలో అడిగావు. ఆఖరికి చేపల బల్ల మీద ఈగల్ని కూడా అడిగి ఉంటావు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు! ఇంట్లో మనిషిని అడిగావా?"

"నీకది పడదు కదే," అన్నాడు బాబాయి, గొంతు దిగిపోయి. "నీ దొరసాని, నీ పెద్దపెళ్ళాం అని రోజూ దెప్పేదానివి కదా."

"దెప్పాను. దెప్పకేం చేస్తాను? దాని వీపు రుద్దినంతసేపు ఏనాడైనా నా పక్కన కూర్చున్నావా? దెప్పితే పడదనా? నేను కూర తరుగుతుంటే ఆ కిటికీలో తల పెట్టి నా చెయ్యి వంకే చూసేది. కాడలన్నీ దానికే. నీ మీద ఎన్ని చాడీలు చెప్పానో దానికి! నువ్వు వినవు, అది విన్నది."

బయట పెయింటరు దగ్గాడు. ఆలుమగల మధ్య చిక్కుకున్న మూడోవాడి దగ్గు అది. పిన్ని అతన్నీ వదల్లేదు.

"ఒరేయ్ అబ్బాయ్, రాసుకో. చుక్కా కాదు, చారా కాదు. జూలు కింద సన్నగా మొదలవుతుంది. కళ్ళ మధ్యకి వచ్చేసరికి వెడల్పై, అక్కణ్ణించి పక్కకి ఒరిగి, ముక్కు దాకా రాకుండానే ఆగిపోతుంది. గిన్నె వంపితే పాలు జారినట్టు. కింది పెదవి మీద గులాబిరంగు మరక, రూపాయి బిళ్ళంత. కుడి కంటి రెప్పవెంట్రుకల్లో నాలుగు తెల్లవి."

బాబాయి గోడకి ఆనుకున్నాడు. ఆవిడ చెబుతుంటే ఒక్కొక్కటే వచ్చి చేరుతోంది. అవును, గులాబిరంగు మరక. అవును, ఒరిగిన మచ్చ. తెల్ల వెంట్రుకల సంగతి మాత్రం అతనికి కొత్త. పంతొమ్మిదేళ్ళ గుర్రం గురించి ఇవాళ కొత్త సంగతి తెలియడం అతనికి సంతోషంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది.

అడగాలనుకున్నది మాత్రం మచ్చ కాదు. అది అతనికి ఇప్పుడే అర్థమైంది. నేల చూపులు చూస్తూ అడిగాడు.

"చివర్లో... నా కోసం చూసిందా?"

చూసిందని ఒక్క మాట అనేస్తే ఆయన గుండె చల్లబడేదే. కానీ ఆ కిటికీ దగ్గర అబద్ధం చెప్పడం పిన్నికి చేతకాలేదు.

"నిన్ను ఉండమన్నాను," అంది. "పక్కింటాయన వెళ్తానన్నాడు. నీ కాలు నిలిచిందా? దాని తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళు నా మీదే ఉన్నాయి. కళ్ళతో నీ కోసం చూడలేదు." ఊపిరి తీసుకుంది. "చెవులు మాత్రం వీధి వైపే ఉన్నాయి. రెండూ. చివరిదాకా అటే పెట్టింది. నువ్వు మలుపు తిరిగి హోయ్ అంటావేమోనని."

ఆ రోజు మలుపు దగ్గర బాబాయి హోయ్ అనలేదు. డాక్టరు పక్కన ఉన్నాడని మర్యాదకి నోరు మూసుకుని వచ్చాడు. ముప్పై ఏళ్ళలో నోరు మూసుకుని ఆ మలుపు తిరిగింది ఆ ఒక్కరోజే. భుజం మీద తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, పెరట్లోకి వచ్చి, పెయింటరు ముందు నుంచే షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

షెడ్డులో దొరసాని వాసన ఇంకా ఉంది. తొట్టిలో ఎండిపోయిన ఉలవలు నాలుగు ఉన్నాయి. తొట్టి ముందు, దొరసాని నిలబడే చోట, నేల రెండు చోట్ల గుంటపడి ఉంది. బాబాయి ఆ గుంటల్లో చెరో కాలూ పెట్టి నిలబడి, మూసిన కిటికీ వైపు చూస్తూ మనసారా ఏడ్చాడు. ఎవరూ వద్దనలేదు.

కాసేపటికి లోపల గడియ చప్పుడైంది. పది రోజులకే బిగుసుకుపోయినట్టుంది, రెండు దెబ్బలు పడితే గానీ రాలేదు. కిటికీ తెరుచుకుంది. పొగంతా ఒక్కసారిగా అతని మొహాన కొట్టి, పైకి పోయింది. పొగ పోయాక అక్కడ పిన్ని మొహం ఉంది.

"అక్కడ నిలబడ్డావేంటయ్యా?" అంది, ఉలిక్కిపడి.

బాబాయి చూస్తున్నాడు. చెంపల దగ్గర అంత తెల్లబడిందని అతనికి తెలియదు. కళ్ళ కింద నల్లగా ఉంది, అది పొగది కాదు. ఎడమ కనుబొమ మధ్యలో సన్నటి గాటు, అక్కడ వెంట్రుకలు మొలవలేదు.

"ఇదెప్పటిదే?" అన్నాడు వేలు చూపించి.

పిన్ని కనుబొమ తడుముకుంది. "ఇదా? దొరసాని వచ్చిన కొత్తలోది. తల విదిలిస్తే కళ్ళెం ఇనుము తగిలింది. గడప తట్టుకుని పడ్డానని చెప్పాను కదా."

"నిజమెందుకు చెప్పలేదు?"

"చెబితే దాన్ని తిరిగి ఇచ్చేసేవాడివి," అంది పిన్ని. అని, పొయ్యి మీద ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి తిరగబోయింది.

"కదలకు," అన్నాడు బాబాయి.

ఆ మాట అతని నోట్లోంచి వస్తుందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. తిరగబోయినదల్లా ఆగిపోయింది. పొద్దు వాలుతోంది. పెరట్లో పెయింటరు తెల్ల రంగులో కుంచె ముంచి, సిద్ధంగా కూర్చుని, ఉండబట్టలేక కేకేశాడు.

"బాబాయ్, మచ్చ ఎటు ఒరిగిందో పిన్ని చెప్పలేదు. ఎడమకా, కుడికా? త్వరగా చెప్పు, వెలుతురు పోతోంది."

"ఉండరా," అన్నాడు బాబాయి, కిటికీలోంచి చూపు తిప్పకుండా. "చూస్తున్నాను."